పేరెంట్ పామ్‌లో పెట్టిన మేవెన్ ప్రొఫైళ్లు కింది ప్రాజెక్టులకు వస్తాయా, రావా?

బిల్డ్‌బాధితుడు అడిగారు:

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో జావా సర్వీసులు పదికి పైగా ఉన్నాయి. దేని రిపో దానిదే, అన్నీ మేవెన్ (జావా బిల్డ్ టూల్) 3.9 మీద నడుస్తున్నాయి. ప్రతి పామ్ (బిల్డ్ వివరాలు రాసే ఫైల్) చివర్లోనూ అవే మూడు ప్రొఫైళ్లు (కావాల్సినప్పుడు ఆన్ అయ్యే అదనపు సెట్టింగ్‌లు): కవరేజ్, ఇంటిగ్రేషన్, ఇమేజ్. మొదటిది జాకోకోతో టెస్ట్ కవరేజ్ లెక్క తీస్తుంది. రెండోది ఫెయిల్‌సేఫ్‌తో ఇంటిగ్రేషన్ టెస్టులు నడుపుతుంది. మూడోది డాకర్ ఇమేజ్ (సర్వీసు నడవడానికి కావాల్సినవన్నీ ఉన్న ప్యాకేజీ) కడుతుంది.

ఎవరో మొదటి సర్వీసులో రాశారు, తర్వాత వచ్చినవాళ్లంతా కాపీ కొట్టి అతికించుకుంటూ పోయారు. ఇప్పుడు ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదాంట్లో జాకోకో కొత్త వెర్షన్, పక్కదాంట్లో ఏ కాలం నాటిదో. జావా వెర్షన్ పెంచిన ప్రతిసారీ ఆ పాత జాకోకో ఉన్న సర్వీసులు క్లాస్ ఫైల్ వెర్షన్ నాకు తెలీదంటూ మొరాయిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి అదే నంబర్ మార్చాలి.

ఈ బాధ వదిలించుకుందామని ఒక పేరెంట్ పామ్ (మిగతా పామ్‌లు సెట్టింగ్‌లు తెచ్చుకునే ఉమ్మడి పామ్) తయారుచేసి, మూడు ప్రొఫైళ్లనూ అందులోకి ఎత్తాను. దాన్ని మా రిపాజిటరీలో పబ్లిష్ చేసి, సర్వీసుల్లో పేరెంట్‌గా పెట్టి, పేరెంట్‌ని పక్క ఫోల్డర్‌లో వెతకకుండా రిలేటివ్‌పాత్ ఖాళీగా ఉంచాను. అక్కడిదాకా బానే ఉంది. ఆ తర్వాతే అయోమయం మొదలైంది.

ఒక సర్వీసులో ఎఫెక్టివ్ పామ్ (అన్నీ కలిశాక మేవెన్ చివరికి వాడే పామ్) తీసి చూస్తే పేరెంట్‌లోని ప్రొఫైళ్ల సెక్షన్ ఎక్కడా కనపడదు. సరే, రాలేదేమో అనుకుని -పీ కవరేజ్ (పేరుతో ప్రొఫైల్‌ని ఆన్ చేసే ఆప్షన్) ఇచ్చి బిల్డ్ చేస్తే కవరేజ్ రిపోర్ట్ మాత్రం వస్తోంది! అంటే వచ్చినట్టా, రానట్టా?

ఇంటిగ్రేషన్ ప్రొఫైల్ సంగతి ఇంకా విచిత్రం. అది ఇంటిగ్రేషన్ టెస్టుల్ని ఆపే స్కిప్‌ఐటీస్ అనే ప్రాపర్టీని ఫాల్స్ చేస్తుంది, అంతే. దాదాపు అన్ని సర్వీసుల్లో పనిచేస్తోంది. రెండింట్లో మాత్రం -పీ ఇంటిగ్రేషన్ ఇచ్చినా టెస్టులు స్కిప్ అయ్యాయనే చెబుతోంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

మూడోది, డాకర్ ఇమేజ్ అన్ని సర్వీసులకూ అక్కర్లేదు. కొన్ని ఉత్త లైబ్రరీలు. ఇమేజ్ కావాల్సిన వాటిలో ఎవరూ -పీ ఇమేజ్ అని టైప్ చేయకుండానే అది ఆన్ అవ్వాలి. దీనికి యాక్టివ్‌బైడిఫాల్ట్ పెడదామా అని చూస్తున్నా. ఇప్పటికే పేరెంట్‌లో "లోకల్" అని ఒక ప్రొఫైల్‌కి అది పెట్టాను, డెవలపర్ల మెషీన్లలో కొన్ని నెమ్మదైన చెకింగ్‌లు ఆపడానికి.

చివరిగా, బామ్‌ని (డిపెండెన్సీల, అంటే వాడే లైబ్రరీల వెర్షన్లు రాసిపెట్టిన పామ్) ఇంపోర్ట్ చేసుకున్నట్టు ఒక ప్రొఫైల్‌ని ఇంకో ప్రాజెక్టు నుంచి ఇంపోర్ట్ చేసుకునే మార్గం ఏదైనా ఉందా? అదుంటే ఈ పేరెంట్ గొడవే ఉండదు కదా.

---

జిగురు రాశారు:

ఇంత తతంగం ఎందుకండీ. ప్రొఫైళ్లని మీ హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైల్‌లో పెట్టేయండి. అన్ని ప్రాజెక్టులకూ వర్తిస్తాయి, ఏ పామ్‌నీ ముట్టుకోనక్కర్లేదు. మేము రిపాజిటరీ అడ్రస్‌లు అలాగే పెట్టుకున్నాం.

---

పాత మేవెన్ రాశారు:

జిగురు గారి సలహా రిపాజిటరీ అడ్రస్‌లకు సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. సెట్టింగ్స్ ఫైల్‌లో రాసే ప్రొఫైల్ కురచది. దానిలో ప్రాపర్టీలు, రిపాజిటరీలు, ప్లగిన్ రిపాజిటరీలు, ఎప్పుడు ఆన్ అవ్వాలనే షరతు, అంతవరకే పడతాయి. బిల్డ్ సెక్షన్ అందులో పట్టదు, కాబట్టి జాకోకో ప్లగిన్‌ని అక్కడినుంచి తగిలించలేరు. పైగా అది ఒక మెషీన్‌కి సంబంధించిన ఫైల్. మీ దగ్గర పాసైన బిల్డ్ సీఐ (బిల్డ్‌లని ఆటోమేటిక్‌గా నడిపే) సర్వర్‌లో ఎందుకు ఫెయిలైందో వెతుక్కునే పరిస్థితి వస్తుంది. మేవెన్ 2 రోజుల్లో ప్రాజెక్టు పక్కనే విడిగా ప్రొఫైళ్ల ఫైల్ ఒకటి పెట్టుకునే వీలు కూడా ఉండేది, మేవెన్ 3లో తీసేశారు. తీసేయడమే మంచిదైంది.

ఇక అసలు విషయం. బిల్డ్‌బాధితుడు గారూ, మీ ప్రశ్నలన్నిటికీ మూలం ఒక్కటే. ప్రొఫైల్ వారసత్వంగా రాదు. అది ఆన్ అయితే పేరెంట్‌లో జరిగే మార్పు వారసత్వంగా వస్తుంది.

మేవెన్ పామ్‌ని ఎలా కూరుస్తుందో చూడండి. ముందు మీ సర్వీసు పామ్ చదువుతుంది. అందులో ఆన్ కావాల్సిన ప్రొఫైళ్లుంటే వాటిని ఆ పామ్‌లోనే కలిపేస్తుంది. తర్వాత పేరెంట్‌ని తెచ్చుకుని, దాని ప్రొఫైళ్లని దాని పామ్‌లోనే కలుపుతుంది. ఆపైన ఇంకో పేరెంట్ ఉంటే అక్కడా ఇదే తంతు. ఇలా ప్రతి అంతస్తులోనూ ప్రొఫైళ్లు కలిసిపోయాకే పైనుంచి కిందికి వారసత్వం మొదలవుతుంది. ప్రాపర్టీల విలువలు నింపడం ఆఖర్న. అందుకే మీ ఎఫెక్టివ్ పామ్‌లో పేరెంట్ ప్రొఫైళ్ల సెక్షన్ లేదు కానీ, కవరేజ్ ఆన్ చేసినప్పుడు జాకోకో ప్లగిన్ మాత్రం వచ్చి కూర్చుంది. -పీ తో ఇచ్చిన పేరు ఒక్క పామ్‌కే పరిమితం కాదు, పేరెంట్ల వరుస మొత్తంలో ఆ పేరున్న ప్రతి ప్రొఫైల్ ఆన్ అవుతుంది. మీ సర్వీసులో పాత కవరేజ్ ప్రొఫైల్ ఇంకా మిగిలి ఉంటే రెండూ ఆన్ అవుతాయి, జాగ్రత్త. ఏది ఎక్కడినుంచి ఆన్ అయిందో హెల్ప్ ప్లగిన్‌లోని యాక్టివ్-ప్రొఫైల్స్ గోల్ (ప్లగిన్ చేసే ఒక పని) చెబుతుంది.

ఇప్పుడు మీ రెండు మొండి సర్వీసుల సంగతి. వాటి పామ్‌లు తెరిచి ప్రాపర్టీల సెక్షన్ చూడండి. స్కిప్‌ఐటీస్ ట్రూ అని ఒక లైన్ ఉండే ఉంటుందని నా అనుమానం. పేరెంట్‌లో ప్రొఫైల్ దాన్ని ఫాల్స్ చేసింది, నిజమే. కానీ ఆ పని పేరెంట్ అంతస్తులోనే అయిపోయింది. కిందికి దిగేసరికి అది పేరెంట్ ఇచ్చిన మామూలు ప్రాపర్టీ, అంతకన్నా దానికి ఏ ప్రత్యేక హోదా లేదు. సర్వీసు తన పామ్‌లో సొంతంగా రాసుకున్న విలువ దాన్ని కొట్టేస్తుంది. ప్రొఫైల్‌లో రాసినదానికి ఎప్పుడూ పైచేయి ఉంటుందనుకుంటారు చాలామంది. అది ఒకే పామ్ లోపల మాత్రమే నిజం.

అనుమానం తీరాలంటే ఎఫెక్టివ్ పామ్‌ని వర్బోస్ ఆప్షన్‌తో తీయండి. హెల్ప్ ప్లగిన్ 3.2.0 నుంచి అది ఉంది. ప్రతి లైన్ పక్కన అది ఏ పామ్‌లో ఎన్నో లైన్ నుంచి వచ్చిందో కామెంట్‌గా రాస్తుంది. మేవెన్‌తో వాదించే ముందు నేను చేసే మొదటి పని ఇదే.

ఇంతకీ, ఇంటిగ్రేషన్‌కి ప్రొఫైల్ ఎందుకు? ఒక ట్రూని ఫాల్స్ చేయడానికా? ఫెయిల్‌సేఫ్ ప్లగిన్‌ని పేరెంట్ పామ్‌లో ప్రొఫైల్ బయటే, మామూలు బిల్డ్ సెక్షన్‌లో పెట్టండి. ఇంటిగ్రేషన్-టెస్ట్, వెరిఫై గోల్స్ రెండూ కట్టండి. పేరెంట్ ప్రాపర్టీల్లో స్కిప్‌ఐటీస్ ట్రూ అనుకోండి. కావాల్సినప్పుడు కమాండ్‌లో -డీ స్కిప్‌ఐటీస్ ఈక్వల్స్ ఫాల్స్ ఇస్తే సరి. కమాండ్ లైన్లో -డీ తో ఇచ్చింది పేరెంట్ ప్రాపర్టీనీ, సర్వీసు ప్రాపర్టీనీ రెండింటినీ దాటుతుంది. మీ రెండు సర్వీసుల్లోనూ పనిచేస్తుంది. జాకోకోకి కూడా జాకోకో డాట్ స్కిప్ అనే ప్రాపర్టీ ఉంది. నేను చూసిన ప్రొఫైళ్లలో చాలావరకు ఇలాంటివే, ఒక స్విచ్ కోసం ముప్పై లైన్ల ఎక్స్‌ఎంఎల్. పంచుకోవాల్సింది ప్లగిన్ సెట్టింగ్‌ని. వెర్షన్ నంబర్లూ కాన్ఫిగరేషనూ పేరెంట్‌లోని ప్లగిన్‌మేనేజ్‌మెంట్‌లో పెట్టేస్తే, జావా మారినప్పుడు మీరు మార్చాల్సింది ఒక్క చోట.

ఇమేజ్ విషయంలో మాత్రం ప్రొఫైల్ కావాల్సిందే. ఎందుకంటే అది కొన్ని ప్రాజెక్టులకే వర్తించాలి, అదీ ఎవరూ చెప్పకుండా. దానికి యాక్టివ్‌బైడిఫాల్ట్ వద్దు. ఫైల్ ఉందా లేదా అన్న షరతు పెట్టండి. పేరెంట్‌లోని ఇమేజ్ ప్రొఫైల్‌లో యాక్టివేషన్ కింద ఫైల్, దాని కింద ఎగ్జిస్ట్స్, అందులో బేస్‌డిర్‌తో (ప్రాజెక్టు ఫోల్డర్) మొదలయ్యే డాకర్‌ఫైల్ దారి. ఇక్కడున్న సొగసు ఏమిటంటే, షరతు రాసింది పేరెంట్‌లోనే అయినా మేవెన్ 3 దాన్ని చూసేది ప్రస్తుతం బిల్డ్ అవుతున్న ప్రాజెక్టు ఫోల్డర్‌లో. డాకర్‌ఫైల్ ఉన్న సర్వీసుల్లో దానంతటదే ఆన్ అవుతుంది, లైబ్రరీల్లో అవ్వదు. డాకర్‌ఫైల్ లాంటి సహజమైన గుర్తు లేని పనులకు ఒక ఖాళీ ఫైల్ పెట్టుకున్నా చాలు. ఇంపోర్ట్ లేని లోటుని ఇది చాలామటుకు తీరుస్తుంది.

అయితే ఆ దారిలో మీ పామ్‌లో రాసుకున్న ప్రాపర్టీలేవీ పనిచేయవు. షరతులు చూసే సమయానికి అవి ఇంకా నింపబడవు. ప్రాజెక్ట్ డాట్ బేస్‌డిర్ అనకుండా ఉత్త బేస్‌డిర్ అనే రాయండి. స్టార్ గుర్తులతో వెతకడమూ కుదరదు. ఒకే ప్రొఫైల్‌కి రెండు మూడు రకాల షరతులు పెడితే అన్నీ నెరవేరితేనే ఆన్ అవుతుంది. ఇది 3.2.2 నుంచి వచ్చిన పద్ధతి, అంతకుముందు ఏ ఒక్కటి నెరవేరినా చాలు. పాత బ్లాగుల్లో దీనికి ఉల్టాగా రాసి ఉంటే కంగారు పడకండి.

మీ లోకల్ ప్రొఫైల్ గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తా, రేపు ఇదే థ్రెడ్‌లోకి మళ్లీ వస్తారు. యాక్టివ్‌బైడిఫాల్ట్ అంటే ఎప్పుడూ ఆన్ అని కాదు. అదే పామ్‌లో ఇంకే ప్రొఫైలూ ఆన్ కాకపోతేనే ఆన్. డాకర్‌ఫైల్ వల్ల ఇమేజ్ ఆన్ అయిన ప్రతి సర్వీసులో మీ లోకల్ చడీచప్పుడు లేకుండా ఆరిపోతుంది. లైబ్రరీల్లో మాత్రం వెలుగుతూనే ఉంటుంది. దానికి బదులు "సీఐ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ లేకపోతే" అని ఆశ్చర్యార్థకంతో నెగిటివ్ షరతు రాయండి. చాలా సీఐ సిస్టమ్‌లు ఆ వేరియబుల్‌ని సెట్ చేస్తాయి. ఇలా రాస్తే పక్క ప్రొఫైళ్లతో దానికి సంబంధం ఉండదు. యాక్టివ్‌బైడిఫాల్ట్‌ని ఎప్పుడు వాడాలి అని నన్నడిగితే, పామ్‌లో ఒకే ఒక్క ప్రొఫైల్ ఉన్నప్పుడు. అలాంటప్పుడు ప్రొఫైలే అక్కర్లేదు.

బామ్ లాంటి ఇంపోర్ట్ ప్రొఫైళ్లకి లేదు. బామ్ ఇంపోర్ట్ తెచ్చేది డిపెండెన్సీమేనేజ్‌మెంట్ ఒక్కటే. ప్లగిన్లు, ప్రాపర్టీలు, ప్రొఫైళ్లు ఏవీ దానితో రావు. ఒకే పేరెంట్ చాలక పలుచోట్ల నుంచి ప్లగిన్ కాన్ఫిగరేషన్ ముక్కలు తెచ్చుకోవాలంటే టైల్స్ అనే బయటి ప్లగిన్ ఉంది. మీ అవసరానికి అది ఎక్కువే.

---

సీఐ కాపలా రాశారు:

పైన చెప్పినదానికి ఇంకొన్ని కలుపుతాను.

బిల్డ్‌బాధితుడు గారు చెప్పినవాటిలో డెవ్, టెస్ట్, ప్రొడక్షన్ అని ప్రొఫైళ్లు లేవు కాబట్టి సరిపోయింది. ఎవరైనా ఇది చదివి అలాంటివి కూడా పేరెంట్‌లోకి ఎత్తే ఆలోచనలో ఉంటే, దయచేసి వద్దు. ప్రొడక్షన్ కోసం విడిగా జార్ (బిల్డ్‌లో తయారయ్యే జావా ఫైల్) కట్టారంటే, టెస్ట్ చేసిన జార్ వేరు, బయటికి వెళ్లిన జార్ వేరు. డేటాబేస్ అడ్రస్‌లు రన్ అయ్యేటప్పుడు బయటినుంచి ఇవ్వాలి. స్ప్రింగ్ వాడేవాళ్లు స్ప్రింగ్ ప్రొఫైల్‌నీ మేవెన్ ప్రొఫైల్‌నీ ఒకే గాటన కడుతుంటారు. మొదటిది అప్లికేషన్ స్టార్ట్ అయ్యేటప్పుడు పనిచేస్తుంది, రెండోది బిల్డ్ అయిపోగానే దాని పని ముగిసింది. ఇదొక్కటి అర్థమైతే సగం ప్రొఫైళ్లు తీసేయొచ్చు.

అలాగే డిపెండెన్సీలని ప్రొఫైల్ లోపల పెట్టకండి. మీ లైబ్రరీని -పీ తో బిల్డ్ చేసి పబ్లిష్ చేశారనుకోండి. దాన్ని వాడుకునేవాళ్ల మేవెన్‌కి మీరిచ్చిన ఆ -పీ సంగతి తెలియదు. పబ్లిష్ అయిన పామ్‌లో ప్రొఫైల్ ఆరిపోయే ఉంటుంది, ఆ డిపెండెన్సీ వాళ్లకి రాదు. కంపైల్ అంతా బాగా జరిగి, రన్ చేసినప్పుడు క్లాస్ దొరకలేదంటుంది. దీన్ని పట్టుకోవడం చాలా కష్టం.

ఒక ప్రొఫైల్ ఒకే రిపోకి ఎప్పుడూ కావాలంటే, ఆ రిపో రూట్‌లో .ఎంవీఎన్ ఫోల్డర్ చేసి అందులో మేవెన్ డాట్ కాన్ఫిగ్ ఫైల్‌లో -పీ లైన్ రాసి కమిట్ చేయండి. 3.3.1 నుంచి ఉన్న సదుపాయం. మీరు 3.9 వాడుతున్నారు కాబట్టి ఒక లైన్‌కి ఒక్క ఆర్గ్యుమెంటే రాయాలి. అంతకుముందు స్పేస్‌తో ఒకే లైన్లో రాసినవి 3.9.0కి వచ్చాక చెడిపోయాయి.

---

అటువైపు రాశారు:

గ్రేడిల్ అనే ఇంకో బిల్డ్ టూల్‌కి మారిపోండి. ఉమ్మడి సెట్టింగ్‌లకి కన్వెన్షన్ ప్లగిన్ ఒకటి రాసుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

---

పాత మేవెన్ రాశారు:

ఈ ప్రశ్నకి ఎవరో ఒకరు ఆ మాట అనకపోతే థ్రెడ్ పూర్తయినట్టు కాదు. కన్వెన్షన్ ప్లగిన్ మంచి పద్ధతే, నేనూ వాడతాను. పదికి పైగా సర్వీసుల బిల్డ్‌ని తిరగరాయడం వేరు, ఒక పేరెంట్ పామ్‌ని సరిచేసుకోవడం వేరు.

---

బిల్డ్‌బాధితుడు రాశారు:

అందరికీ ధన్యవాదాలు. పాత మేవెన్ గారి అనుమానం అక్షరాలా నిజం. ఇన్‌వాయిస్, నోటిఫికేషన్ సర్వీసులు రెండింట్లోనూ స్కిప్‌ఐటీస్ ట్రూ అని లైన్ ఉంది. వర్బోస్ ఎఫెక్టివ్ పామ్‌లో దాని పక్కనే ఆ సర్వీసు పేరు, లైన్ నంబర్ కనిపించాయి. తీసేశాను. ఇంటిగ్రేషన్ ప్రొఫైల్‌ని కూడా తీసేసి ప్రాపర్టీకి మార్చాను, సీఐలో -డీ పెట్టాను. డాకర్‌ఫైల్ షరతు అద్భుతంగా ఉంది, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

కవరేజ్ మాత్రం ఒక సర్వీసులో కొరకరాని కొయ్యగా ఉంది. రిపోర్టుల సర్వీసు అది, పెద్ద పెద్ద ఎక్సెల్ ఫైళ్లు తయారుచేస్తుంది. జాకోకో ప్లగిన్ నడుస్తోంది, ప్రిపేర్-ఏజెంట్ కూడా లాగ్‌లో కనిపిస్తోంది, టెస్టులూ పాసవుతున్నాయి. కానీ చివర్లో, ఎగ్జిక్యూషన్ డేటా ఫైల్ లేదు కాబట్టి జాకోకోని స్కిప్ చేస్తున్నా అంటోంది. మిగతా అన్నిట్లో ఇదే పేరెంట్‌తో రిపోర్ట్ వస్తోంది. వర్బోస్‌లో జాకోకో లైన్లన్నీ పేరెంట్ నుంచే వస్తున్నాయి, తేడా ఏమీ లేదు.

---

పాత మేవెన్ రాశారు:

జాకోకో లైన్లు కాదు, ష్యూర్‌ఫైర్ (యూనిట్ టెస్టులు నడిపే ప్లగిన్) లైన్లు చూడండి. పెద్ద ఎక్సెల్ ఫైళ్లంటున్నారు కాబట్టి, టెస్టులకి మెమరీ చాలక ఎవరో ఆ సర్వీసు పామ్‌లో ష్యూర్‌ఫైర్ కాన్ఫిగరేషన్‌లో ఆర్గ్‌లైన్ అని పెట్టి హీప్ సైజ్ పెంచి ఉంటారు.

ప్రిపేర్-ఏజెంట్ చేసే పనల్లా ఆర్గ్‌లైన్ అనే ప్రాపర్టీలో జావా ఏజెంట్ ఆప్షన్ రాయడమే. ష్యూర్‌ఫైర్ టెస్టుల కోసం కొత్త జేవీఎం లేపేటప్పుడు ఆ ప్రాపర్టీ చదువుకుంటుంది. కానీ కాన్ఫిగరేషన్‌లో ఆర్గ్‌లైన్ నేరుగా రాసేస్తే ప్రాపర్టీ వంక చూడనే చూడదు. ఏజెంట్ లేకుండా జేవీఎం లేస్తుంది, టెస్టులు పాసవుతాయి, డేటా ఫైల్ ఎవరూ రాయరు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు, అందుకే ఎర్రర్ రాలేదు.

దీనికి రెండు దారులున్నాయి. హీప్ సైజ్‌ని కాన్ఫిగరేషన్‌లోంచి తీసి, సర్వీసు ప్రాపర్టీల్లో ఆర్గ్‌లైన్ అనే పేరుతోనే రాయండి. అందులో ముందే ఏదైనా ఉంటే జాకోకో దాన్ని చెరపదు, తన ఆప్షన్‌ని దాని ముందు చేరుస్తుంది. నేనైతే ఇదే చేస్తాను.

లేదా కాన్ఫిగరేషన్‌లోనే ఉంచాలనుకుంటే, హీప్ ఆప్షన్‌కి ముందు యాట్ గుర్తు పెట్టి కర్లీ బ్రాకెట్లలో ఆర్గ్‌లైన్ అని రాయండి. డాలర్ గుర్తు కాదు. డాలర్‌తో రాస్తే పామ్ కూర్చేటప్పుడే, అంటే ప్రిపేర్-ఏజెంట్ నడవకముందే విలువ నింపే ప్రయత్నం జరుగుతుంది. యాట్ గుర్తుతో రాస్తే ష్యూర్‌ఫైర్ నడిచే క్షణంలో నింపుతుంది, 2.17 నుంచి ఉంది. కానీ దీన్లో ఒక మెలిక ఉంది. కవరేజ్ ప్రొఫైల్ ఆన్ చేయని రోజున ఆ ప్రాపర్టీని ఎవరూ సృష్టించరు. అప్పుడు ఆ యాట్ గుర్తూ బ్రాకెట్లూ యథాతథంగా జావా కమాండ్‌లోకి వెళ్లి, టెస్టుల జేవీఎం లేవకముందే కుప్పకూలుతుంది. కాబట్టి పేరెంట్ ప్రాపర్టీల్లో ఆర్గ్‌లైన్‌ని ఖాళీగా ఒకసారి ప్రకటించి ఉంచండి.

---

బిల్డ్‌బాధితుడు రాశారు:

సరిగ్గా అదే! కాన్ఫిగరేషన్‌లో రెండు జీబీ హీప్ అని ఉంది. మీరు చెప్పిన మొదటి దారి పట్టాను, రిపోర్ట్ వచ్చేసింది.

ఇంకొక్క చిన్న డౌట్, సీఐ వాళ్లు అడుగుతున్నారు. ఇంకా కొత్త పేరెంట్‌కి మారని సర్వీసులు కొన్ని ఉన్నాయి. సీఐ స్క్రిప్ట్ అన్నిటికీ ఒకటే, అందులో -పీ కవరేజ్ ఉంది. కొన్నిట్లో పాత కవరేజ్ ప్రొఫైల్ తీసేశారు, కొత్త పేరెంట్ ఇంకా పెట్టలేదు. బిల్డ్ పాసవుతోంది కానీ వార్నింగ్ వస్తోంది. వదిలేయొచ్చా?

---

సీఐ కాపలా రాశారు:

అడిగిన ప్రొఫైల్ లేదు కాబట్టి ఆన్ చేయలేకపోయాను అని కదా వార్నింగ్? మేవెన్ 3లో వదిలేస్తే నడుస్తుంది. కాకపోతే అది లాగ్ చివర్లో ఎవరూ చూడని చోట ఉంటుంది. ప్రొఫైల్ పేరులో ఒక్క అక్షరం తప్పు రాసినా ఇదే వార్నింగ్, ఇదే పచ్చ టిక్కు. కవరేజ్ నెలల తరబడి నడవకపోయినా తెలియదు. మేవెన్ 4 ఇలాంటప్పుడు బిల్డ్‌ని ఆపేస్తుంది. మేవెన్ 4కి, ఉంటే ఆన్ చెయ్యి, లేకపోతే ఫర్వాలేదు అని చెప్పాలంటే పేరు ముందు ప్రశ్నార్థకం పెట్టాలి. అలా పెట్టేటప్పుడు కోట్స్‌లో ఉంచండి, లేకపోతే కొన్ని షెల్‌లు ప్రశ్నార్థకాన్ని తమకి చెప్పారనుకుంటాయి. ప్రొఫైల్‌ని ఆపడానికి ముందు పెట్టే ఆశ్చర్యార్థకానికీ ఇదే ఇబ్బంది.

నా మాట వినండి, వార్నింగ్ వచ్చే సర్వీసులు ముందు పేరెంట్‌కి మారాలి. పబ్లిష్ చేసిన పేరెంట్ కాబట్టి, మీరు దాన్లో ఏం మార్చినా ప్రతి సర్వీసులో పేరెంట్ వెర్షన్ నంబర్ పెరిగేదాకా ఎవరికీ చేరదు. వెర్షన్స్ ప్లగిన్‌లో అప్‌డేట్-పేరెంట్ గోల్ ఉంది. దాన్ని వారానికోసారి అన్ని రిపోల్లో నడిపి, మార్పు ఉంటే మెర్జ్ రిక్వెస్ట్ తెరిచే జాబ్ పెట్టుకోండి. స్నాప్‌షాట్ (ఇంకా మారుతూ ఉండే) వెర్షన్‌ని పేరెంట్‌గా పెట్టి తప్పించుకుందామని మాత్రం చూడకండి, పాత రిలీజ్‌ని మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చినప్పుడు అప్పటి పేరెంట్ ఏమిటో ఎవరికీ తెలియదు.